బయాప్సీ రిపోర్టులో టెర్ట్, ఏటీఆర్ఎక్స్ అని రాసినారు, అంటే ఏంది డాక్టరమ్మా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మెదడు గడ్డల గురించి రాసినవే ఎక్కువ. పలమనేరు నుంచి, చిత్తూరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి, మన తిరుపతి కొర్లగుంట నుంచి కూడా. అందరిదీ ఇంచుమించు ఒకటే బాధ, రిపోర్టు కింద ఏవో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు ఉన్నాయి, ఓపీలో రద్దీగా ఉంటే డాక్టర్ గారు రెండు ముక్కల్లో చెప్పి పంపేసినారు, ఇంటికొచ్చి ఫోన్లో వెతుక్కుంటే భయం పెరిగిందే తప్ప ఏమీ అర్థం కాలేదని. మైక్రోస్కోప్ ముందు కూర్చుని ఆ రిపోర్టులు రాసే పనే నాది, కాబట్టి ఆ అక్షరాలకు అర్థం చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే అనిపించింది. ఎడిటర్ గారిని అడిగి షుగర్, థైరాయిడ్ ప్రశ్నలన్నీ వచ్చే నెలకు పెట్టించినా.

ప్రశ్న: డాక్టరమ్మా, మాది పలమనేరు పక్కన పల్లె. మా నాయనకు 58. రోజూ డైరీకి పాలు పోస్తాడు. మార్చిలో ఒకరోజు పొద్దున పాల క్యాను ఎదురుగ్గా పెట్టుకుని దాని పేరు గుర్తు రాక 'అది... అది అందుకోమ్మా' అంటా నిలబడిపోయినాడు. వారానికి ఫిట్స్ వచ్చినాయి. స్కాన్ లో ఎడమ పక్క గడ్డ ఉందన్నారు, ఆపరేషన్ అయింది. రిపోర్టులో 'గ్లియోబ్లాస్టోమా, ఐడీహెచ్ వైల్డ్ టైప్, గ్రేడ్ 4' అని, దాని కింద 'టెర్ట్ ప్రమోటర్ మ్యుటేషన్ సీ228టీ పాజిటివ్' అని ఉంది. జీన్స్ లో తేడా అంటే వంశంలో ఉన్నట్టే గదా అంటోంది మా మేనత్త. నాకు ఇద్దరు పిల్లలు. తమ్ముడికి సంబంధం చూస్తా ఉన్నాం, వాళ్ళకు తెలిస్తే ఎట్లా అని అమ్మ ఒకటే ఏడుపు. ఎవరో నాగదోషం అని కూడా అన్నారు. (పేరు వద్దండి)

జవాబు: తల్లీ, ముందు మీ అమ్మకు ఈ ఒక్క మాట చదివి వినిపించు. ఈ తేడా మీ నాయనకు పుట్టుకతో రాలేదు, మీకు గానీ మీ తమ్ముడికి గానీ మీ పిల్లలకు గానీ ఆయన నుంచి రాదు. ఇది ఆ గడ్డ కణాల్లో పుట్టిన తేడా, ఆ గడ్డలోనే ఉంటుంది. అదే మీ నాయన రక్తం తీసి ఒంటి కణాల్లో వెతికితే ఆ అక్షరం మామూలుగానే ఉంటుంది. మనం 'జీన్' అనగానే వంశం అనుకుంటాం, అది సహజమే, కానీ జీన్ లో వచ్చే మార్పులు రెండు రకాలు, తల్లిదండ్రుల నుంచి వచ్చేవి కొన్ని, బతికినన్నాళ్ళలో ఒంట్లో ఏదో ఒక మూల ఒక కణంలో జరిగిపోయేవి కొన్ని. ఇది రెండో రకం. మెదడు గడ్డ వంశంలో నడిచే కుటుంబాలు లేకపోలేదు, కానీ చాలా తక్కువ, అక్కడ ఒకే రక్తంలో ఇద్దరు ముగ్గురికి గడ్డలు వచ్చుండటమో చిన్న వయసులోనే రకరకాల క్యాన్సర్లు వచ్చుండటమో కనిపిస్తుంది. మీ ఉత్తరంలో అట్లాంటిదేమీ లేదు. సంబంధం వాళ్ళు అడిగితే దాచొద్దు, ఇదే మాట చెప్పండి.

ఇప్పుడు ఆ టెర్ట్ సంగతి. మా ఇల్లు గోవిందరాజస్వామి గుడికి దగ్గర, చిన్నప్పటి నుంచి పూలు కట్టేవాళ్ళను చూస్తానే పెరిగినా. మల్లెలు కట్టే ఆమె మొదటి పువ్వుకు ముందు జానెడు దారం వదిలిపెడుతుంది, చివరి పువ్వు అయ్యాక ఇంకో జానెడు వదిలి తెంపుతుంది. ఆ జానెడులో పువ్వూ ఉండదు వాసనా ఉండదు, కానీ అది లేకుండా మొదటికి తెంపితే ముడి జారిపోయి పువ్వులు ఒక్కొక్కటే ఊడొచ్చేస్తాయి. మన కణాల్లో క్రోమోజోముల రెండు కొసల్లోనూ ఇట్లాగే జీన్స్ ఏమీ లేని ఒక ఖాళీ దారం ఉంటుంది, దాన్నే టెలోమియర్ అంటారు. టీటీఏజీజీజీ అనే ఆరు అక్షరాలే మళ్ళీ మళ్ళీ వేల సార్లు. మనం పుట్టినప్పుడు పదివేల అక్షరాల పైచిలుకు ఉంటుంది, ఒక కణం రెండుగా చీలిన ప్రతిసారీ డీఎన్ఏ కాపీ అయ్యేటప్పుడు ఆ కొసన 50, 100 అక్షరాలు తెగిపోతా ఉంటాయి. దారం బాగా పొట్టిదైపోతే కణం ఇంక చీలడం మానేస్తుంది. లెనార్డ్ హేఫ్లిక్ అనే శాస్త్రవేత్త 1961లోనే ఇది గమనించినాడు, గాజు సీసాలో పెంచిన మామూలు మనిషి కణాలు ఒక 40 నుంచి 60 సార్లు చీలి ఆగిపోతున్నాయని. నన్ను అడిగితే ఇది లోపం కాదు, దేవుడు పెట్టిన కాపలా, ఏ కణమైనా అదుపు తప్పి చీలడం మొదలుపెట్టినా దారం అయిపోయి ఆగిపోవాలని.

గడ్డ బతకాలంటే ఈ కాపలాను దాటాలి. దాటే దారి ఒకటి మన ఒంట్లోనే ఉంది, టెలోమరేజ్ అనే ఎంజైము, అది కొసకు కొత్త దారం అతికిస్తుంది. 1984లో క్యారల్ గ్రైడర్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ అనే ఇద్దరు ఆడవాళ్ళు నీటికుంటల్లో ఉండే ఒక ఏకకణ జీవిలో దీన్ని కనిపెట్టినారు, 2009లో జాక్ షోస్టాక్ తో కలిపి వాళ్ళకు నోబెల్ ఇచ్చినారు. కడుపులో బిడ్డ ఎదిగేటప్పుడు ఈ ఎంజైము బాగా పనిచేస్తుంది, తర్వాత చాలా కణాల్లో దానికి తాళం పడుతుంది. ఆ ఎంజైములో ముఖ్యమైన భాగాన్ని తయారుచేసే జీనే టెర్ట్. మెదడులో నరాల కణాలకు అండగా ఉండే గ్లియా కణాల్లో టెర్ట్ తాళం వేసే ఉంటుంది, మీ నాయన గడ్డ లాంటివి పుట్టేది ఆ రకం కణాల్లోనే.

మీ నాయన గడ్డలో ఏమయిందంటే టెర్ట్ జీన్ చెడిపోలేదు, దాని ముందుండే స్విచ్ లో ఒకే ఒక్క అక్షరం మారింది, ఆ స్విచ్ నే ప్రమోటర్ అంటారు. సీ ఉండాల్సిన చోట టీ వచ్చింది. 228 అనేది ఆ అక్షరం అడ్రసులో చివరి మూడు అంకెలు, ఐదో క్రోమోజోములో 12,95,228వ అక్షరం అన్నమాట. ఇంకొందరి రిపోర్టులో సీ250టీ అని ఉంటుంది, అది 22 అక్షరాలు పక్కన, పనిమాత్రం అదే. ఆ ఒక్క అక్షరం మారడంతో జీఏబీపీ అనే ప్రొటీను వచ్చి కూర్చునేదానికి కొత్తగా చోటు తయారవుతుంది, అది కూర్చుంటే స్విచ్ పడుతుంది, టెలోమరేజ్ తయారవుతుంది, దారం తరగడం ఆగుతుంది, కణం చీలతానే పోతుంది. మూడు వందల కోట్ల అక్షరాల్లో ఒక్కటి. నేను ఈ పనిలో ఇన్నేళ్ళున్నా ఇది తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఒకసారి ఆగినట్టే ఉంటుంది. 2013లో మొదట మెలనోమా అనే చర్మ క్యాన్సర్ లో దీన్ని చూసినారు, అదే ఏడాది మెదడు గడ్డల్లో వెతికితే పెద్దవాళ్ళ గ్లియోబ్లాస్టోమాల్లో నూటికి 70, 80 వాటిలో కనబడింది. కాబట్టి మీ నాయనకు ఏదో ఎవరికీ రానిది వచ్చిందని అనుకోవద్దు, ఈ జబ్బులో ఇది మామూలుగా ఉండేదే. ఇంకోటి, 'వైల్డ్ టైప్' అన్న మాట చూసి చాలామంది హడలిపోతారు, గడ్డ అడవి మృగం లాంటిదని రాసినారేమో అని. అట్లా కాదు, ఐడీహెచ్ అనే ఇంకో జీన్ మారకుండా మామూలుగా ఉందని చెప్పడమే అది.

జబ్బు సంగతి దాచి చెప్పడం నాకు చేతకాదు. గ్లియోబ్లాస్టోమా మొండి జబ్బు, గ్రేడ్ 4 అంటే అన్నిటికన్నా వేగంగా పెరిగే మెట్టు. ఆపరేషన్ అయినాక ఆరు వారాల పాటు 30 సిట్టింగుల రేడియేషన్, దాంతోపాటే టెమోజోలోమైడ్ మాత్రలు, తర్వాత నెలకు ఐదు రోజుల చొప్పున ఆ మాత్రలే ఇంకో ఆరు నెలలు, ఇదీ మామూలుగా ఇచ్చే పద్ధతి. 2005లో వచ్చిన పెద్ద ట్రయల్ లో రెండేళ్ళ తర్వాత కూడా బతికున్నవాళ్ళు ఉత్త రేడియేషన్ తీసుకున్నవాళ్ళలో నూటికి 10 మంది, మాత్రలు కూడా తీసుకున్నవాళ్ళలో 26 మంది. తేడా చిన్నదేం కాదు. అందుకే చెప్తాండా, నాగదోషం పూజ చేయిస్తే మీ అమ్మ మనసు కుదుటపడుతుందంటే నిక్షేపంగా చేయించండి, కానీ పూజ కోసం ఒక్క సిట్టింగ్ కూడా తప్పించొద్దు. వారం వారం రక్తం టెస్టు చేయమంటే చేయించండి, మాత్రల వల్ల రక్తకణాలు తగ్గిపోతాయి. ఎంజీఎంటీ మిథైలేషన్ టెస్టు అయిందా లేదా అని అడగండి, ఆ మాత్ర ఎంతమేర పనిచేస్తుందో దాన్నిబట్టి కొంచెం తెలుస్తుంది. ఇంకోటి, ఆయనకు మాటలు తడబడుతున్నాయి గానీ మీరు అనేది అర్థమయ్యే ఉండొచ్చు, కాబట్టి ఆయన ముందే ఏడ్చి ఆయన గురించి మాట్లాడుకోవద్దు. పాల క్యాను పేరు గుర్తు రాకపోతే అందించండి, పరీక్ష పెట్టొద్దు.

ప్రశ్న: నాకు 31 మేడమ్, కొర్లగుంట. ఫిట్స్ వచ్చి గడ్డ బయటపడింది, ఆపరేషన్ అయి ఇంటికొచ్చేసినా. రిపోర్టు: 'ఆస్ట్రోసైటోమా, ఐడీహెచ్ మ్యూటెంట్, గ్రేడ్ 2, ఏటీఆర్ఎక్స్ లాస్ట్'. లాస్ట్ అంటే ఏం పోయింది? ఫోన్లో చూస్తే గ్లియోబ్లాస్టోమా గురించే వస్తోంది, రాత్రిళ్ళు నిద్ర లేదు.

జవాబు: తమ్ముడూ, ఫోన్ పక్కన పెట్టు. ఆస్ట్రోసైటోమా కూడా గ్లియా కణాల గడ్డే గానీ, నీదీ పై ఉత్తరంలో పెద్దాయనదీ ఒకటే జబ్బు కాదు.

ఏం పోయిందో నీకు నా మైక్రోస్కోప్ లోంచే చూపిస్తా. నీ గడ్డ ముక్కను మైనంలో పెట్టి, వెంట్రుక కన్నా పల్చగా కోసి, గాజు పలక మీద అతికించి, ఏటీఆర్ఎక్స్ అనే ప్రొటీన్ ను పట్టుకునే మందు పోస్తాం. ప్రొటీన్ ఉన్న కణం నడిబొడ్డు కాఫీ పొడి రంగుకు తిరుగుతుంది, లేనిది నీలంగా ఉండిపోతుంది. నీలాంటి గడ్డల్లో కంటికి ఏం కనబడుతుందంటే, మధ్యలో ఒక సన్నని రక్తనాళం పోతా ఉంటుంది, దాని గోడలో కణాలు వరసగా కాఫీ రంగు చుక్కలు, ఎందుకంటే అవి నీ సొంత మంచి కణాలు, దాని చుట్టూరా ఆకాశంలో చుక్కల్లాగా గడ్డ కణాలు, ఒక్కదానికీ కాఫీ రంగు లేదు, అన్నీ నీలమే. ఆ రక్తనాళం గోడకు రంగు పట్టింది కాబట్టే మందు సరిగ్గా పనిచేసిందని మాకు నమ్మకం, అదీ పట్టకపోతే మళ్ళీ మొదటి నుంచి చేస్తాం. 'లాస్ట్' అంటే ఇంతే, గడ్డ కణాల్లో ఆ ప్రొటీన్ లేదు.

అది లేకపోతే గడ్డకేం లాభం అంటే మళ్ళీ ఆ దారం కథే. పెద్దాయన గడ్డ టెలోమరేజ్ స్విచ్ వేసుకుంది. నీ గడ్డ ఆ స్విచ్ జోలికి పోలేదు, వేరే దారి పట్టింది. ఏటీఆర్ఎక్స్ అనే ప్రొటీన్ డాక్స్ అనే ఇంకో ప్రొటీన్ తో కలిసి టెలోమియర్ కొసను పొందిగ్గా చుట్టి పెడుతుంది. అది పోతే చుట్ట వదులైపోయి, ఒక క్రోమోజోము కొస పక్క క్రోమోజోము కొసకు ఆనుకుని దాన్ని చూసి కాపీ చేసుకుంటుంది. పూల దండలో చెప్పాలంటే కొత్త దారం కొనలేదు, పక్క దండ దారం చూసి తనకూ అంత దారం పేనుకుంది. దీన్ని ఆల్ట్ అంటారు. ఇట్లా చేసుకున్న కొసలు ఒక కొలతలో ఉండవు, కొన్ని మరీ పొడుగు, కొన్ని మరీ పొట్టి. క్యాన్సర్లన్నిటిలో ఎక్కువ శాతం, అంటే నూటికి 85, 90, టెలోమరేజ్ దారిలోనే పోతాయి, మిగిలిన కొద్దివాటిలో కనబడేది ఈ ఆల్ట్. ఏటీఆర్ఎక్స్ కూ దీనికీ సంబంధం ఉందని 2011లో బయటపడింది. ఆ పేరు చూసి కూడా కంగారు పడతారు, ఏటీఆర్ఎక్స్ లో ఏటీ అంటే ఆల్ఫా తలసేమియా, పుట్టుకతో ఆ జీన్ చెడిన పిల్లల్లో ఆ రక్త జబ్బు ఉంటుంది కాబట్టి ఆ పేరు పెట్టినారు, నీకు తలసేమియా ఉందని కాదు.

నీ వయసు వాళ్ళకు వచ్చే ఆస్ట్రోసైటోమాల్లో ఐడీహెచ్ మారడం, పీ53 అనే ఇంకో జీన్ మారడం, ఏటీఆర్ఎక్స్ పోవడం ఈ మూడూ కలిసే ఉంటాయి చాలాసార్లు. మొదట మారేది ఐడీహెచ్. ఈ రకం గడ్డ నిదానంగా పోతుంది, గ్లియోబ్లాస్టోమాలో నెలలతో లెక్కపెడితే దీంట్లో ఏళ్ళతో లెక్కపెడతాం. అయితే మరిచిపోవడానికి లేదు, కొన్నేళ్ళకు ఇది కూడా గ్రేడ్ 3కు, 4కు మారే అవకాశం ఉంది, అందుకే ఎమ్మారై ఎప్పుడు చెప్తే అప్పుడు చేయించుకోవాలి, బాగానే ఉన్నా గదా అని ఒకటి ఎగ్గొట్టొద్దు. సీడీకేఎన్2ఏ అనే జీన్ చూసినారా అని మీ డాక్టరును అడుగు, దాని రెండు కాపీలూ పోయి ఉంటే మైక్రోస్కోప్ లో ఎట్లా కనబడినా గ్రేడ్ 4 అనే అంటాం. ఐడీహెచ్ మారిన గ్రేడ్ 2 గడ్డలకు వోరాసిడెనిబ్ అనే మాత్రకు అమెరికాలో 2024 ఆగస్టులో అనుమతి వచ్చింది, నీ విషయంలో దాని అవసరం ఉందో లేదో మాట్లాడు. ఫిట్స్ మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు, డాక్టరు సరే అనేవరకు ఘాట్ రోడ్ లో బండి తోలొద్దు, ఘాట్ రోడ్ ఏంది, ఇంటి ముందు వీధిలో కూడా తోలొద్దు.

ప్రశ్న: మాది చిత్తూరు. మా ఆయనకు 49. మొదటి రిపోర్టులో 'చూడ్డానికి గ్రేడ్ 2 ఆస్ట్రోసైటోమా లాగా ఉంది, జీన్ టెస్టులు రావాలి' అన్నారు, ఊపిరి పీల్చుకున్నాం. మూడు వారాలకు వచ్చిన రెండో రిపోర్టులో ఐడీహెచ్ మారలేదు, టెర్ట్ పాజిటివ్, కాబట్టి గ్లియోబ్లాస్టోమా గ్రేడ్ 4 అన్నారు. ఒకే ముక్క, రెండు పేర్లు. ఎవరో తప్పు చేసినారు గదా?

జవాబు: అమ్మా, ఎవరూ తప్పు చేయలేదు, రెండు రిపోర్టులూ నిజమే చెప్పినాయి. మీరు పడిన బాధ నాకు అర్థమవుతుంది, ఒకసారి బతికించి మళ్ళీ తోసేసినట్టు ఉంటుంది.

ఒకప్పుడు మేం కంటికి కనబడేదాన్ని బట్టే గ్రేడ్ ఇచ్చేవాళ్ళం. ముక్కలో చచ్చిపోయిన చోట్లు ఉన్నాయా, వాటి చుట్టూ కణాలు కంచెలాగా నిలబడినాయా, రక్తనాళాలు గుత్తులు గుత్తులుగా పెరిగినాయా, ఇవి ఉంటే గ్రేడ్ 4, లేకపోతే తక్కువ. కానీ మెదడులోంచి తీసే ముక్క ఎంత ఉంటుంది, ఒక్కోసారి కందిగింజంత. అది గడ్డ అంచు నుంచి వస్తే ప్రశాంతంగానే కనబడుతుంది. అట్లా గ్రేడ్ 2 అని రాసిన కొందరు గ్లియోబ్లాస్టోమా వాళ్ళ లాగే తొందరగా దిగజారిపోవడం చూసి, ఎందుకా అని జీన్స్ వెతికితే వాళ్ళ గడ్డల్లో గ్లియోబ్లాస్టోమాలో ఉండే గుర్తులే దొరికినాయి. అందుకని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో రూల్ మార్చింది. పెద్దవాళ్ళలో, చెదిరి పాకే రకం ఆస్ట్రోసైటోమాలో ఐడీహెచ్ మారకుండా ఉండి, టెర్ట్ ప్రమోటర్ మారడం, ఈజీఎఫ్ఆర్ జీన్ కాపీలు గుట్టగా పెరగడం, ఏడో క్రోమోజోము ఎక్కువై పదోది పోవడం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా దాన్ని గ్లియోబ్లాస్టోమా అనే పిలవాలి. మీ ఆయన రిపోర్టు దాని ప్రకారమే వచ్చింది. మూడు వారాలు ఆగి తెలుసుకోవడం నరకమే కానీ, గ్రేడ్ 2 అనుకుని రేడియేషన్ వద్దని ఇంట్లో కూర్చుని ఉంటే ఇంకా నష్టపోయేవాళ్ళు.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పకపోతే ఈ పేజీకే అర్థం లేదు. ఆలిగోడెండ్రోగ్లియోమా అని ఇంకో మెదడు గడ్డ ఉంది. దాంట్లో కూడా ఇంచుమించు అందరికీ టెర్ట్ పాజిటివ్వే వస్తుంది, అదే అక్షరం, అదే స్విచ్. కానీ దాంట్లో ఐడీహెచ్ మారి ఉంటుంది, ఒకటో క్రోమోజోము పొట్టి చెయ్యి, పంతొమ్మిదో దాని పొడుగు చెయ్యి రెండూ పోయి ఉంటాయి, రిపోర్టులో 1పీ/19క్యూ అని రాసేది అదే. ఆ గడ్డలు మందులకు బాగా లొంగుతాయి, పదేళ్ళు దాటి బతికేవాళ్ళు చాలామంది. చూసినారా, ఒకే టెర్ట్, ఒక ఇంట్లో దుఃఖం, ఇంకో ఇంట్లో ధైర్యం. టెర్ట్ ఒక్కటే చూసి ఏమీ చెప్పలేం, దాని పక్కన ఎవరున్నారో చూడాలి. అందుకే ఎవరైనా 'మా వాళ్ళకు టెర్ట్ పాజిటివ్' అని ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది ఐడీహెచ్ ఏం వచ్చింది అని.

ప్రశ్న: మా అమ్మ గ్లియోబ్లాస్టోమాలో టెర్ట్ నెగెటివ్, ఏటీఆర్ఎక్స్ కూడా బాగానే ఉందట. అంటే గడ్డకు దారం అతికే దారి లేదు, మంచిదే గదా? (శ్రీకాళహస్తి)

జవాబు: అట్లా అయితే ఎంత బాగుండేదో నాయనా. దారం లేకుండా ఏ గడ్డా అంత పెరగలేదు, కాబట్టి ఏదో ఒక దారి ఉండే ఉంటుంది, మామూలు టెస్టుకు దొరకని దారి. 2018లో ఇట్లాంటి గడ్డలనే పట్టుకుని వెతికితే కొన్నిటిలో స్మార్కాల్1 అనే జీన్ చెడి ఆల్ట్ నడుస్తోందని తేలింది, ఇంకొన్నిటిలో టెర్ట్ స్విచ్ లో అక్షరం మారలేదు గానీ ఆ దగ్గర్లో డీఎన్ఏ ముక్క తెగి వేరే చోటుకు అతుక్కుని స్విచ్ పడింది. రిపోర్టులో నెగెటివ్ అని ఉంటే సీ228టీ, సీ250టీ అనే ఆ రెండు చోట్ల అక్షరాలు మారలేదు అన్నంతవరకే తీసుకోవాలి. వైద్యం మాత్రం మారదు, అదే రేడియేషన్, అవే మాత్రలు.

ప్రశ్న: టెలోమియర్లు పొడుగవుతాయి, వయసు తగ్గుతుంది, క్యాన్సర్ రాదు అని మా కాలనీలో ఒకామె క్యాప్సూల్స్ అమ్ముతోంది. మా అన్నకు మెదడు గడ్డ ఆపరేషన్ అయింది, ఆయనకు వాడొచ్చా? ఇప్పటికే రెండు డబ్బాలు కొన్నాం.

జవాబు: వాడొద్దు. ఆ డబ్బాలు తిరిగిచ్చి డబ్బులు అడగండి.

మీ అన్న గడ్డ బతుకుతున్నదే దారం తరగకుండా చూసుకోవడం వల్ల, మళ్ళీ దారం పెంచే మందు అని చెప్పి అదే మనిషికి అమ్మడం చూస్తే నాకు చాలా కోపం వస్తోంది. ఆ క్యాప్సూల్ నిజంగా టెలోమియర్ పెంచుతుందనే రుజువు లేదు. ఒకవేళ పెంచినా మంచిదనేం లేదు. పుట్టుకతో కొంచెం పొడుగు టెలోమియర్లు వచ్చే జీన్స్ ఉన్నవాళ్ళలో గ్లియోమా, అంటే గ్లియా కణాల గడ్డ, వచ్చే అవకాశం కొంచెం ఎక్కువని పెద్ద పెద్ద జనాభా అధ్యయనాల్లో తేలింది. టెర్ట్ దగ్గర, ఆర్టెల్1 అనే ఇంకో జీన్ దగ్గర ఉండే చిన్న తేడాలు గ్లియోమాతో ముడిపడి ఉన్నాయని 2009 నుంచే తెలుసు. పీఓటీ1 అనే జీన్ పుట్టుకతో చెడిన కొన్ని కుటుంబాల్లో మెదడు గడ్డలు వచ్చినాయి, ఆ జీన్ పనే దారం ఎంత ఉండాలో కాపలా కాయడం. పొడుగు దారం అంటే పొడుగు ఆయుష్షు అనుకోవడం తప్పు. టెమోజోలోమైడ్ మీద ఉన్నప్పుడు ఏం మూలికలు కలిపినారో తెలియని క్యాప్సూల్ వేస్తే లివర్ దెబ్బతింటే ఆ మాత్రలు కూడా ఆపాల్సొస్తుంది. ఆ డబ్బు పెట్టి అన్నకు రోజూ రెండు గుడ్లు, పప్పు, పెరుగు పెట్టండి.

ప్రశ్న: ఆ టెలోమరేజ్ ను ఆపేసే మందు ఉంటే సరిపోతుంది గదా, ఎందుకు కనిపెట్టలేదు? (బీఎస్సీ విద్యార్థి, తిరుపతి)

జవాబు: కనిపెట్టినారు. ఇమెటెల్‌స్టాట్ అని, టెలోమరేజ్ ను అడ్డుకునే సూది మందు. 2024 జూన్ లో అమెరికాలో ఎండీఎస్ అనే రక్త జబ్బులో కొందరికి వాడేదానికి అనుమతి ఇచ్చినారు. మెదడు గడ్డలున్న పిల్లలకు ఇచ్చి చూసిన ట్రయల్ మాత్రం మధ్యలో ఆపేయాల్సొచ్చింది, ప్లేట్‌లెట్లు పడిపోయి గడ్డలో రక్తస్రావం అయింది. కష్టం ఎక్కడుందో నువ్వే ఆలోచించు. ఎంజైము ఆపిన రోజే గడ్డ ఆగదు, ఉన్న దారం అయిపోయేంతవరకు చీలతానే ఉంటుంది, అంత టైము గ్లియోబ్లాస్టోమా ఇవ్వదు. ఎముక మూలుగులో మన మూల కణాలకు కూడా ఆ ఎంజైము కావాలి. పైగా మెదడుకు మందు చేరడమే కష్టం. గడ్డ కూడా ఒక దారి మూసేస్తే ఆల్ట్ దారి పట్టొచ్చు. ఇప్పుడు కొందరు ఆ మారిన స్విచ్ మీద కూర్చునే జీఏబీపీనే అడ్డుకోవాలని చూస్తున్నారు, మంచి కణాల్లో ఆ స్విచ్ మారలేదు కాబట్టి వాటికి దెబ్బ తగలదని. నాకు ఆశ ఉన్నది ఆ దారి మీదే. ఎమ్మెస్సీకి పోతే ఈ సబ్జెక్ట్ మీద పనిచేసే ల్యాబుల కోసం వెతుకు, మన జిల్లా పిల్లలు ఇట్లాంటి ప్రశ్నలు అడుగుతుంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

ప్రశ్న: ఆపరేషన్ ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో అయింది. జీన్ టెస్టులు వేరే చోట చేయించుకోమన్నారు. బ్లాక్ తెచ్చుకోమంటే 'అది ఆస్పత్రిది, ఇవ్వం' అంటున్నారు. వేలూరు పోదామనుకుంటున్నాం. బ్లాక్ అంటే ఏంది, మళ్ళీ ఆపరేషన్ చేయాలా? (బంగారుపాళ్యం)

జవాబు: మళ్ళీ ఆపరేషన్ అక్కర్లేదన్నా. తీసిన గడ్డ ముక్కను మైనంలో పోతపోసి చిన్న ప్లాస్టిక్ క్యాసెట్ మీద పెడతారు, అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు, అదే బ్లాక్. ఐడీహెచ్, ఏటీఆర్ఎక్స్, టెర్ట్, ఎంజీఎంటీ, ఏం చూడాలన్నా దాంట్లోంచే పల్చగా కోసుకుని చూస్తారు. ఏళ్ళ తరబడి చెడిపోదు. కౌంటర్ దగ్గర వాదించొద్దు, నేరుగా ప్యాథాలజీ ల్యాబుకు పోయి, వైద్యం కోసం వేరే చోట టెస్టు చేయించాలి అని కాగితం మీద రాసి, పేషెంట్ సంతకం పెట్టించి ఇవ్వండి. బ్లాక్ ఇవ్వడానికి వెనకాడితే దాంట్లోంచి రంగు వేయని స్లైడ్లు ఒక 10, 15 కోసి ఇమ్మనండి, చాలా టెస్టులకు అవి సరిపోతాయి. ఒరిజినల్ రిపోర్టు కాపీ, బ్లాక్ నంబరు రెండూ తప్పకుండా తీసుకోండి, నంబరు కలవకపోతే అక్కడ ల్యాబులో పక్కన పెట్టేస్తారు. వేలూరు సీఎంసీకే పోవాలని లేదు, తిరుపతిలో స్విమ్స్, అలిపిరి దగ్గర టాటా వాళ్ళ క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి, ముందు ఫోన్ చేసి మీకు కావాల్సిన టెస్టు చేస్తారా, ఎన్ని రోజులు పడుతుంది అని కనుక్కుని బయలుదేరండి.

ఈ ఎండల్లో బ్లాకును బండి డిక్కీలో గానీ కారు అద్దం కింద గానీ పెట్టొద్దు. వేడికి మైనం మెత్తబడిందంటే లోపలున్న ముక్క కదిలిపోతుంది, మళ్ళీ పోతపోయాలి, చిన్న ముక్కైతే అట్లా చేసేటప్పుడే కొంత పోతుంది. చిన్న స్టీలు డబ్బాలో దూది పరిచి దాంట్లో పెట్టి, బస్సులో పైన లగేజీ దగ్గర కాకుండా చేతి సంచిలో వేసుకుని ఒళ్ళో పెట్టుకుని పోండి. టెస్టు అయినాక తిరిగి తెచ్చి ఆ ల్యాబులోనే ఇచ్చి రసీదు తీసుకోండి, రేపు ఇంకో టెస్టు కావాలన్నా అదే బ్లాక్ కావాలి.